పిల్లలతో బోర్డు గేమ్స్ ఎలా ఆడాలి: పక్కన కూర్చునే పెద్దవాళ్ల కోసం

మీ ఇంట్లో వైకుంఠపాళి గానీ పాములు-నిచ్చెనల బోర్డు గానీ ఉంటే, కొత్త ఆట ఏదైనా కొనే ముందు దాన్నే బయటికి తీయండి. అయిదారేళ్ల పిల్లనో పిల్లాడినో ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆడుతూ, పావు జరిపేటప్పుడు వాళ్లు ఏమని లెక్కపెడుతున్నారో వినండి. పావు 25లో ఉంది, పాచిక మీద 4 పడింది అనుకుందాం. పిల్లలు చాలావరకు "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అంటూ జరుపుతారు. మనమూ అలాగే జరుపుతాం. ఈసారి నుంచి "ఇరవై ఆరు, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది" అని గడిలో రాసి ఉన్న అంకెనే చదువుతూ జరిపించండి. మార్చాల్సింది అంతే.

ఇంత చిన్న మార్పుతో ఏం ఒరుగుతుంది అనిపించవచ్చు. గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో పేద కుటుంబాల నుంచి వచ్చిన నాలుగైదేళ్ల పిల్లలతో ఒక చిన్న ఆట ఆడించి, ఫలితాలను 2008లో ప్రచురించారు. ఒకే వరసలో 1 నుంచి 10 దాకా గళ్లు. తిప్పితే 1 గానీ 2 గానీ చూపించే ఒక చక్రం. రెండు వారాల్లో 4 సార్లు, ఒక్కోసారి 15 నుంచి 20 నిమిషాలు ఆడారు. ఇంకొంతమంది పిల్లలకు అదే ఆటను అంకెలు తీసేసి రంగుల గళ్లతో ఇచ్చారు. అంకెల బోర్డు ఆడిన పిల్లలు లెక్కపెట్టడంలో, అంకెను చూసి గుర్తుపట్టడంలో, రెండు అంకెల్లో ఏది పెద్దదో చెప్పడంలో, ఒక గీత మీద ఏ అంకె ఎక్కడ వస్తుందో చూపించడంలో మెరుగయ్యారు. 9 వారాల తర్వాత చూసినా ఆ మెరుగు అలాగే ఉంది. రంగుల బోర్డు ఆడినవాళ్లలో అది కనపడలేదు. 2009లో ఇద్దరూ కలిసి చేసిన మరో అధ్యయనంలో, అవే అంకెలు గుండ్రటి బోర్డు మీద పెడితే తిన్నటి వరసకు వచ్చినంత ఫలితం రాలేదు. 2014లో ఎలిడా లాస్కీ, సీగ్లర్ కలిసి 100 గళ్ల బోర్డు ఆడించినప్పుడైతే, గడిలోని అంకె చదువుతూ జరిపిన పిల్లలకే ఎక్కువ లాభం కలిగింది. ఒకటి నుంచి మొదలుపెట్టి లెక్కపెట్టినవాళ్లకు అదే బోర్డు అంతగా పనికిరాలేదు.

కారణం ఆలోచిస్తే తేలిగ్గానే తడుతుంది. తిన్నటి వరసలో 8 దాకా వెళ్లాలంటే 4 దాకా వెళ్లినదానికి రెట్టింపు దూరం చెయ్యి జరగాలి, రెట్టింపు అంకెలు నోటితో పలకాలి, దాదాపు రెట్టింపు టైమ్ పడుతుంది. పెద్ద అంకె అంటే ఎంత పెద్దదో కంటికీ చేతికీ నోటికీ ఒకేసారి తెలుస్తుంది.

నేను ప్రైమరీ స్కూల్ టీచర్‌ని. మా క్లాసులో ఒక అర నిండా ఆటలే ఉంటాయి, ఇంట్లోనూ పిల్లలతో రోజూ ఏదో ఒకటి ఆడతాం. ఆటల డబ్బాల మీద "మెదడుకు మంచిది", "ఏకాగ్రత పెంచుతుంది" అని రాసి అమ్ముతుంటారు. డబ్బాలో ఉండేది అట్టముక్క, పావులు. ఆడేటప్పుడు పక్కనున్న పెద్దవాళ్లు ఏం మాట్లాడారు, ఎక్కడ ఊరుకున్నారు అన్నదాన్ని బట్టే పిల్లలకు అందులోంచి వచ్చేది మారుతుందని నా గట్టి నమ్మకం. అందుకే ఏ ఆట కొనాలి అన్నదానికంటే ఎలా కూర్చుని ఆడాలి అన్నదే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను.

మొదట నాలుగైదేళ్ల వాళ్ల కోసం. 100 గళ్ల బోర్డు వీళ్లకు పెద్దది. పైగా అందులో ఒక వరస ఎడమ నుంచి కుడికి, పై వరస కుడి నుంచి ఎడమకు పోతుంది కాబట్టి 10 దాటగానే ఎటు వెళ్లాలో తెలియక తికమక పడతారు. ఒక అట్ట తీసుకుని పొడుగ్గా కత్తిరించండి. స్కేలు పెట్టి పది గళ్లు సమానంగా గీయండి. గళ్లు చిన్నా పెద్దా అయితే దూరానికీ అంకెకూ ఉన్న లంకె తెగిపోతుంది. ఎడమ నుంచి కుడికి 1 నుంచి 10 దాకా పెద్ద అక్షరాలతో రాయండి. పాచిక అక్కర్లేదు, ఒక నాణెం చాలు: బొమ్మ పడితే 1, బొరుసు పడితే 2. పావులుగా రెండు రంగుల గుండీలు పెట్టుకోండి. పిల్లకు అంకె గుర్తుకు రాకపోతే మీరు చెప్పి, తను మళ్లీ అన్నాకే పావు జరపనివ్వండి. ఆట అయిదు నిమిషాల్లో అయిపోతుంది, వెంటనే ఇంకోటి మొదలవుతుంది. తర్వాత 20 దాకా ఇంకో అట్ట అతికించవచ్చు. 100 గళ్ల బోర్డుకి వచ్చాక, ప్రతి వరస చివర పెన్సిల్‌తో చిన్న బాణం గుర్తు వేసి పెట్టండి.

పాత అలవాటు పోవడానికి టైమ్ పడుతుంది. మా క్లాసులో ఒక అయిదేళ్ల బాబు పావు 18లో ఉండగా 3 పడింది. "ఒకటి" అంటూ 18 మీదే పావును ఒకసారి కొట్టాడు. పావు ఉన్న గడినే ఒకటిగా లెక్కపెట్టాడన్నమాట. నేను తప్పు అనలేదు. "ఇప్పుడు ఎక్కడున్నావురా?" అన్నాను. "పద్దెనిమిది." "దాని పక్క ఇల్లు ఎవరిది?" వాడు ముక్కు బోర్డుకి ఆనేంతగా వంగి చూసి, "పంతొమ్మిదిది" అన్నాడు. "అయితే వాళ్లింటికి వెళ్లు." పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి. మూడు గెంతులూ గట్టిగా అరుస్తూ వేశాడు. అప్పటినుంచి ఆ వరసలో కూర్చునేవాళ్లందరూ ఒకరినొకరు "పక్క ఇల్లు ఎవరిదిరా?" అనే అడుగుతున్నారు. మీ ఇంట్లో ఏ మాట పనిచేస్తుందో మీరే చూసుకోండి. ఉన్న గడిని వదిలేసి తర్వాతి గడి నుంచి మొదలుపెట్టాలన్న సంగతి మాత్రం తెలియాలి. కూడికకు తొలిమెట్టు అదే.

పాచిక చూసి ఎంత పడిందో మీరు చెప్పకండి

పెద్దవాళ్లం చేసే పనుల్లో ఇది నాకు అస్సలు నచ్చదు. పాచిక ఇంకా దొర్లుతూనే ఉంటుంది, మనం "అయిదు!" అనేస్తాం. పిల్ల చుక్కల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెడుతుంటే మనకు ఓపిక ఉండదు. ఆ ఓపిక పట్టండి. కొన్నాళ్లకు వేలు ఆగిపోతుంది, చూపుతోనే "అయిదు" అంటుంది. నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి అన్న ఆకారం తలకెక్కింది కాబట్టి. గవ్వలతో ఆడితే ఇంకా మంచిది, ఎందుకంటే గవ్వలు ప్రతిసారీ వేరే ఆకారంలో పడతాయి.

అష్టాచెమ్మా విషయం ఇక్కడ చెప్పాలి. నాలుగు గవ్వలతో 1, 2, 3, చెమ్మ అంటే 4, అష్ట అంటే 8, ఇంతే పడతాయి. 5, 6, 7 పడవు. సరిగ్గా ఆరో గడిలో ఎదుటివాళ్ల కాయ కూర్చుని ఉంటే దాన్ని ఎలా చంపాలి? చెమ్మ పడితే ఇంకోసారి వేయవచ్చు కాబట్టి నాలుగూ రెండూ కలిస్తే దొరుకుతుంది. మూడూ మూడూ అయితే రెండు వంతులు పడుతుంది, ఈలోగా ఆ కాయ పారిపోవచ్చు. ఏడేళ్ల పిల్లలు ఈ లెక్కలు వేళ్ల మీద వేసుకుంటుంటే చూడముచ్చటగా ఉంటుంది. ఆరుని ఎన్ని రకాలుగా విడగొట్టవచ్చో చెప్పమని నోటుపుస్తకంలో అడిగితే ఆవులించే పిల్లలే వీళ్లు. పైగా నాలుగు కాయల్లో దేన్ని కదపాలి, ఇంటు గుర్తు ఉన్న గడిలో క్షేమంగా ఉన్నదాన్ని బయటికి తేవాలా వద్దా అన్నది కూడా తేల్చుకోవాలి. ఇక్కడ "అది కాదు, ఇది కదుపు" అని మీరు అన్నారంటే ఆట మీదైపోయినట్టే. సలహా అడిగితే తప్ప ఇవ్వకండి. అడిగినా రెండు దారులు చూపించి, ఎంచుకోవడం వాళ్లకే వదిలేయండి.

ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు నేను తప్పకుండా ఆడించేది గుర్రప్పందెం. కాగితం మీద పక్కపక్కన 12 నిలువు వరసలు గీసి, కింద 1 నుంచి 12 దాకా అంకెలు రాయండి. ఒక్కో వరసలో ఎనిమిది గళ్లు. ఒక్కో అంకె ఒక్కో గుర్రం. పిల్లలు తలా ఒక గుర్రాన్ని ఎంచుకుంటారు. రెండు పాచికలు వేసి, రెంటినీ కూడితే వచ్చిన అంకె గుర్రాన్ని ఒక గడి ముందుకు జరపాలి, అంటే ఆ వరసలో ఒక గడికి రంగు వేయాలి. ముందు పైకి చేరిన గుర్రం గెలిచినట్టు. మొదటి పందెంలో అందరూ తమ పుట్టినరోజు అంకెనో, అన్నిటికంటే పెద్దదని 12నో ఎంచుకుంటారు. 1ని ఎంచుకున్నవాళ్ల గుర్రం మొదటి గడిలోనే నిలబడి ఉంటుంది. ఎందుకు కదలట్లేదో చెప్పేయాలని మీ నోరు ఊరుతుంది. చెప్పకండి. "టీచర్, రెండు పాచికలు వేస్తే ఒకటి ఎలా పడుతుంది!" అని ఎవరో ఒకరు లేచి నిలబడి అరిచే దాకా ఆగండి. నాలుగైదు పందేలు అయ్యేసరికి 7 కోసం కొట్టుకుంటారు. అప్పుడు ఒక ఎర్ర పాచిక, ఒక తెల్ల పాచిక ఇచ్చి, 7 ఎన్ని రకాలుగా పడుతుందో రాసి తెమ్మనండి. రెండు రంగులు ఎందుకంటే, ఎరుపు 3 తెలుపు 4 వేరు, ఎరుపు 4 తెలుపు 3 వేరు అని కళ్లకు కనపడాలి. మొత్తం 36 రకాల్లో 7 వచ్చేవి ఆరు, 12 వచ్చేది ఒక్కటి. రంగులు వేసిన కాగితాలన్నీ పక్కపక్కన గోడకు అంటిస్తే మధ్య వరసలు ఎత్తుగా, అంచులు పొట్టిగా కనిపిస్తాయి. సంభావ్యత అనే పాఠం వాళ్ల పుస్తకంలోకి రావడానికి ఇంకా కొన్నేళ్లు ఉంది. వచ్చినప్పుడు ఈ గుర్రాలు గుర్తుకొస్తాయి.

పేకముక్కల రకం ఆటలు

ఊనో లాంటి ఆటలో పై ముక్కకు రంగు కలవాలి, లేదంటే అంకె కలవాలి. మనకు ఇది చిన్న విషయం. చిన్నపిల్లల మెదడుకు ఇది పెద్ద పని. మూడేళ్ల పిల్లకు బొమ్మల కార్డులిచ్చి ముందు రంగును బట్టి వేరు చేయమని, తర్వాత ఆకారాన్ని బట్టి వేరు చేయమని చెప్తే, కొత్త రూల్ ఏమిటో నోటితో సరిగ్గానే చెప్తుంది, చేత్తో మాత్రం పాత రూల్ ప్రకారమే పెడుతుంది. అయిదేళ్లకు వచ్చేసరికి చాలామంది మారగలుగుతారు. పిల్లల అభివృద్ధిని అధ్యయనం చేసేవాళ్లు వాడే బాగా తెలిసిన పరీక్షల్లో ఇదొకటి. అందుకే నాలుగేళ్ల పిల్ల రంగు కలవట్లేదని ముక్క మీద ముక్క తీస్తూ, చేతిలో అంకె కలిసే ముక్క ఉన్నా చూడకపోతే విసుక్కోకండి. మొదట్లో రంగు మాత్రమే కలపాలి అని ఆడండి. అది నలిగాక అంకె మాత్రమే. రెండూ వేర్వేరుగా వచ్చాక కలిపి ఆడండి. ప్రత్యేక ముక్కలన్నీ పక్కన పెట్టేసి, ఏడు ముక్కల బదులు నాలుగో అయిదో పంచండి.

ముక్కలు దాచుకోవడం కూడా ఇంకా రాదు. తన ముక్కలన్నీ మనవైపు తిప్పి పట్టుకుని "నా దగ్గర ఎర్రది ఉందిగా!" అని చెప్పేస్తారు. నాకు తెలిసింది ఎదుటివాళ్లకు తెలియదు అన్న ఎరుక చాలామందిలో నాలుగైదేళ్ల మధ్య గట్టిపడుతుంది. అది వచ్చేదాకా అందరి ముక్కలూ నేల మీద తెరిచిపెట్టి ఆడండి. చిన్న చేతులకు ముక్కలు పట్టుకోవడం కష్టమైతే, ఒక అట్టపెట్టె మూతకు అంచున గాడి కోసి ముక్కలు అందులో నిలబెట్టవచ్చు.

ఓడిపోతే ఏడుస్తున్నారా?

తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. "మేడం, కావాలని ఓడిపోమంటారా?" అంటారు. వద్దనే అంటాను. అదృష్టం మీద నడిచే ఆటల్లో ఆ అవసరమే లేదు, సగం సార్లు పిల్లలే గెలుస్తారు. ఎత్తులు వేసే ఆటల్లో మాత్రం మీకూ వాళ్లకూ పొంతన ఉండదు కాబట్టి, ముందే అందరికీ తెలిసేలా మీ బలం తగ్గించుకోండి. చదరంగంలో మంత్రిని తీసి పక్కన పెట్టి, "ఇవాళ నా మంత్రి లేకుండా ఆడతాను" అని చెప్పి మొదలుపెట్టండి. తర్వాత ఓడిపోతే అది నిజమైన ఓటమి, పిల్లది నిజమైన గెలుపు. దొంగచాటుగా ఓడిపోతే పిల్లలు పసిగట్టేస్తారు. ఆ తర్వాత వాళ్లు నిజంగా గెలిచినా నమ్మరు.

ఏడుపు వచ్చినప్పుడు "ఆటే కదా, దానికే ఏడుస్తారా?" అనకండి. ఆ నిమిషంలో వాళ్లకు అది ఆట కాదు. "ఇంకో రెండు గళ్లలో పండేది, అంతలో పోయింది కదా, బాధగానే ఉంటుంది" అనండి, పక్కన కూర్చోండి. ఉపన్యాసం మొదలుపెట్టకండి. మీరు ఓడిపోయినప్పుడు మీ మొహం కూడా వాళ్లు చూస్తారు. "అయ్యో, ఒక్క గడిలో తప్పిపోయిందే! సరే, బాగా ఆడావు" అని మీ బాధను కాస్త పైకే అనండి. బాధపడుతూనే ఎదుటివాళ్లను మెచ్చుకోవచ్చని వాళ్లు చూసి నేర్చుకోవాల్సిందే, చెప్తే రాదు. మరీ టెన్షన్ పడే పిల్లలకు కొన్నాళ్లు అందరూ ఒకే జట్టుగా ఉండే ఆటలు పెట్టండి. గెలిస్తే అందరూ గెలుస్తారు, పోతే అందరిదీ పోతుంది. పాములు-నిచ్చెనలనే అలా మార్చవచ్చు: అందరికీ కలిపి ఒకే పావు, 40 వంతుల్లో పైకి చేరాలి.

తొండి సంగతి. నాలుగేళ్ల పిల్ల పాచికను ఆరు పడేదాకా వేస్తూనే ఉంటే అది తొండి కాదు, రూల్ అనేది అందరినీ కట్టేస్తుందని ఆమెకింకా తెలియదు. "నీ వంతు అయింది, ఇక నాది" అని పాచిక తీసుకోండి, చాలు. స్విట్జర్లాండ్‌కి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పియాజే 1930ల తొలినాళ్లలో గోళీలాడే పిల్లలను గమనించి రాసిన మాట ఒకటి ఉంది. కాస్త చిన్నపిల్లలు రూల్స్ అంటే పెద్దవాళ్లో దేవుడో పెట్టినవి, మార్చకూడనివి అనుకుంటారట. పెద్దయ్యేకొద్దీ, ఆడేవాళ్లందరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చని తెలుసుకుంటారట. మా క్లాసులో దీన్ని ఇలా వాడతాను: ఏడెనిమిదేళ్ల వాళ్లు "రూల్ బాలేదు" అని గొడవ పడితే ఒక కాగితం ఇస్తాను. కొత్త రూల్ రాయాలి, అందరూ సంతకం పెట్టాలి, అది తర్వాతి ఆట నుంచి అమల్లోకి వస్తుంది, నడుస్తున్న ఆటకు వర్తించదు. వ్యాసం రాయమంటే రెండు వాక్యాలకు ఆగిపోయే పిల్లలు ఈ కాగితం మీద "ఒకవేళ", "అయితే", "తప్ప" అంటూ పేరా నింపేస్తారు. అర్థం రెండు రకాలుగా వచ్చేలా రాస్తే తర్వాతి ఆటలో అక్కడే పట్టుకుంటారు, కాబట్టి తిరగరాస్తారు కూడా.

చదరంగం గురించి ఒక్క మాట. చదరంగం నేర్పిస్తే లెక్కల్లో మార్కులు పెరుగుతాయన్న ఆశతో చాలామంది చేర్పిస్తారు. ఇంగ్లండ్‌లో 100 స్కూళ్లతో చేసిన ఒక పెద్ద ప్రయోగం ఫలితాలు 2016లో వచ్చాయి. 30 గంటల చదరంగం పాఠాలు విన్న పిల్లల లెక్కల మార్కుల్లో ఏడాది తర్వాత తేడా ఏమీ కనపడలేదు. ఒక ఆట ఆడితే తెలివి మొత్తం పెరిగిపోతుందని ఆశ పెట్టుకోవద్దనే నేనూ చెప్తాను. బోర్డు మీద అంకెలు చదివితే అంకెలు వస్తాయి, ఎదుటివాడి ఎత్తు ఊహిస్తే ఊహించడం అలవాటవుతుంది. చదరంగం మంచి ఆట, అందుకోసమే ఆడించండి. ఎదుటివైపు నుంచి చూడటం నేర్పాలంటే నాకు పులిజూదం ఇంకా ఇష్టం. మూడు పులులు, పదిహేను మేకలు, ఇద్దరి బలాలూ ఇద్దరి లక్ష్యాలూ వేరు. ఒక ఆట పులులతో ఆడినవాళ్లు తర్వాతి ఆట తప్పనిసరిగా మేకలతో ఆడాలని పెట్టండి. పులిగా ఉన్నప్పుడు ఏ సందులోంచి దూకారో మేకగా ఉన్నప్పుడు ఆ సందే ముందు మూస్తారు. ఇలాంటి ఆటల్లో ఆట మొత్తానికి ఒక్క ప్రశ్నే అడగండి: "నువ్వు ఇది కదిపితే నేనేం చేస్తాను?" ప్రతి ఎత్తుకూ అడిగితే అది ఆట కాదు, పరీక్ష.

మిగతావి చిన్న జాగ్రత్తలు. మూడేళ్లలోపు పిల్లలుంటే గవ్వలు, గింజలు, చిన్న పాచికలు వాళ్లకు అందకూడదు, గొంతులో ఇరుక్కుంటాయి. అయిదేళ్ల వాళ్లకు 20 నిమిషాలు చాలు, ఇంకోటి ఆడతామని వాళ్లు అడుగుతుండగానే సర్దేయండి. సర్దడం, పావులు లెక్క చూసి డబ్బాలో పెట్టడం వాళ్ల పనే. ఫోన్ వేరే గదిలో పెట్టండి, మీ వంతు వచ్చినప్పుడు మిమ్మల్ని పిలవాల్సి వచ్చిందంటే వంతు కోసం ఆగడం వాళ్లకు మీరు నేర్పలేరు. ఒకే ఆటను నెల రోజులు అడిగినా విసుగు చూపించకండి.

ఆట బాగా చేతికొచ్చాక, అది తెలియని ఒకరికి నేర్పే పని పిల్లకు అప్పజెప్పండి. తాతయ్య కావచ్చు, పక్కింటి అమ్మాయి కావచ్చు. మీరు అక్కడే ఉండండి గానీ మధ్యలో దూరకండి. మొదటిసారి అంతా కలగాపులగంగా చెప్తారు, ఆట ఎలా మొదలవుతుందో చెప్పకుండా చంపితే ఏమవుతుందో చెప్తారు. ముందే రెండు ప్రశ్నలు చేతిలో పెట్టండి: ఏం చేస్తే గెలిచినట్టు? నా వంతు వస్తే నేనేం చేయవచ్చు? ఈ రెంటికీ జవాబు చెప్పి, ఒక వంతు ముక్కలు తెరిచిపెట్టి ఆడి చూపించమనండి. మిగతా రూల్స్ అవసరం వచ్చినప్పుడు చెప్పుకోవచ్చు.